మంద లేని నడక

బండి గంట లేటంట. ఆ మాట చెప్పి టికెట్లిచ్చే ఆయన కిటికీ రెక్క దించుకున్నాడు, దించుకునేవాడు ఊరికే దించుకోకుండా, దిగువమెట్టలో ఎవరున్నారు పెద్దాయనా, పెళ్లా, కర్మాంతరమా, అని ఒక మాట వేసినాడు. రంగనాయకులు టికెట్టు మడిచి జేబులో పెట్టుకొని బెంచీ కేసి నడిచినాడు. చెప్పడానికి ఏముంది, అక్కడ చుట్టాలెవరూ లేరు, పెళ్లీ లేదు, కర్మాంతరమూ లేదు, అడవిలో ఒక దొన ఉంది, కొండరాళ్ల నడుమ నీళ్లు నిలిచే మడుగు, దాన్ని చూసి రావడానికి పోతున్నా అంటే ఆ కిటికీ రెక్క మళ్ళా పైకి లేచేది, లోపలున్న ఇంకో ఇద్దరిని పిలిచి చూపించేవాడు. అరవై ఎనిమిదేండ్ల మనిషి డబ్బులిచ్చి చెయ్యి చాపితే టికెట్టు ఇయ్యాల, ఎందుకు అని అడగడం ఏంది. ఇదే కంభం స్టేషన్ పక్క రోడ్డు మీద నూట అరవై గొర్రెల్ని తోలుకొని నలభై ఏండ్లు పోయినాడు, వచ్చినాడు. ఒక్కడన్నా ఆపి, ఎక్కడికి నాయనా, ఎందుకు నాయనా అని అడిగిన పాపాన పోయినాడా. గొర్రెలు ముందరుంటే చాలు, వెనకున్న మనిషి ఎక్కడికి పోతున్నాడో అందరికీ తెలిసినట్టే. గొర్రెలు లేకపోతే మాత్రం మనిషికి మతి చెడిందేమో అని అనుమానం.

సిమెంటు బెంచీ కాలుతా ఉంది. తొలకరి రెండు వానలు పడి పది దినాలయింది, మళ్ళా ఎండ ఎప్పటి ఎండే. బ్యాగు వీపు మీదనుంచి దించలేదు. దించితే మళ్ళా తగిలించుకోవడం వస్తుందో రాదో, ఆ పట్టీలు ఏది దేంట్లో దూరుతుందో పొద్దున ఎట్లనో కుదిరింది. నీలం రంగు బ్యాగు, మనవరాలు శ్రీదేవిది, కొడుకు శివనాగరాజు కూతురు, కర్నూలు బ్యాంకులో పని చేస్తుంది. పోయిన నెల ఈ బ్యాగు వీపుకు కట్టుకొని ఆ పిల్ల ఒక్కతే ఎక్కడో మంచుకొండలకు పోయి ఆరు దినాలు తిరిగి వచ్చింది. ఎవరూ వద్దనలేదు. నిన్న ఇంటికొచ్చి ఫోన్లో ఫోటోలు చూపిస్తా ఉంటే ఇంటిల్లిపాదీ చుట్టూ మూగినారు, కొడుకైతే నా కూతురికి ఎంత ధైర్యమో చూడండని వీధిలో వాళ్లను కూడా పిలిచినాడు. ఒక ఫోటోలో రాతి మీద కూర్చొని చల్లారిన రొట్టె తింటా ఉంది. ఒక దాంట్లో చెట్టు కింద గుడ్డ పరుచుకొని పడుకొని ఉంది. ఇంకో దాంట్లో వానకు తడిసి ముద్దయి నవ్వుతా ఉంది. ఇవన్నీ నేనూ చేసినా గదమ్మా అన్నాడు రంగనాయకులు, ఎప్పుడూ పలకని నోరు ఆ పూట ఊరుకోక. ఆ పిల్ల ప్రేమగానే అనింది, దాని తప్పేం లేదు, భుజం మీద చెయ్యి వేసి మరీ అనింది. "నువ్వు పోయింది పనికి తాతా. ఇది ట్రిప్పు."

అది పని, ఇది ట్రిప్పు. ఆ మాట తెల్లారేదాకా అరగలేదు, ఇప్పుడూ అరగలేదు, ఈ కాలే బెంచీ మీద ఇంకా పైకి తన్నుకొస్తా ఉంది. నల్లమల వానంటే ఏందో ఎవరికి తెలుసు. గొంగడి తడిస్తే మనిషంత బరువవుతుంది, ఆ బరువు నెత్తిన వేసుకొని, అప్పుడే పుట్టిన గొర్రెపిల్లను పొట్టకు అదుముకొని, పొద్దుగూకేదాకా బండ కింద నిలబడిన దినాలు ఎన్ని. సద్దిమూట విప్పితే కారం తడిసి నీళ్లు కారేది, అదీ తిన్నాడు, బాగుంది కూడా, ఆ రుచి మళ్ళా ఇంట్లో ఎవరు చేసినా రాలేదు. బండ మీద పడుకొని చూస్తే దూరాన రైలు చీమలబారు మాదిరి వచ్చి కొండ కడుపులోకి దూరేది, ఆఖరి పెట్టె దూరేదాకా చూసేవాడు, అందులో ఉన్నోళ్లకు ఇప్పుడు చీకటి, నాకు ఎండ అనుకొని ఒక్కడే నవ్వుకునేవాడు. ఆ నవ్వు కూడా పనేనంట. గొర్రె పక్కన నిలబడితే మనిషి నవ్వినా పని, ఏడ్చినా పని, పడుకున్నా పని. మరి ఆ పని చేసినందుకు కొడుకు ఎప్పుడన్నా వీధిలో వాళ్లను పిలిచి, మా నాయనకు ఎంత ధైర్యమో చూడండి అన్నాడా. చిన్నప్పుడు బడిలో మీ నాయన ఏం చేస్తాడంటే వ్యవసాయం అని చెప్పి వచ్చినాడు, గొర్రెలు అనడానికి వాడికి నామర్దా. అది గుర్తుంది. ముప్ఫయి ఏండ్లయినా గుర్తుంది, పలకని మనుషులకు ఇదే రోగం, ఏదీ బయటికి పోదు.

వానాకాలం చేలల్లో పైరుంటుంది గనుక మందలన్నీ అడవి పట్టేవి. ఇప్పుడు ఫారెస్టోళ్లు గొర్రెల్ని లోపలికి రానీయరు, మనిషైతే పగటిపూట కాలిబాటన పోయి రావచ్చు. దిగువమెట్టలో దిగి రెండు గంటలు నడిస్తే ఒక గట్టు, మంద ప్రతి ఏడూ అక్కడిదాకా పోయి మళ్ళుకునేది. అవతల దిగుడు నిట్టనిలువుగా ఉంటుంది, గొర్రె కాలు ఆనదు. కిందికి చూస్తే చెట్ల తలకాయలు తప్ప ఏం కనబడదు, కానీ వినబడుతుంది. నీళ్ల చప్పుడు. గలగల కాదు, ఎవరో లోపలి గదిలో కూర్చొని మెల్లగా మాట్లాడుకుంటున్నట్టు ఉంటుంది, ఎవరో, ఏం మాటలో, చెవి పెట్టి వినే కొద్దీ ఇంకాస్త వినాలనిపిస్తుంది. సుబ్బన్న అని చెంచుగూడెం మనిషి, తేనె కొట్టేవాడు, ఆ దిగుడును ఇంట్లో గడప దిగినట్టు దిగేవాడు. "కింద దొన ఉంది మామా, అడుగున గులకరాళ్ల రంగు కూడా కనబడతాది, ఒక పూట గొర్రెల్ని వదిలేసి రా" అనేవాడు. వదిలేస్తే చిరుతపులి నా మంద కాస్తాదా అనేవాడు తను. "కాస్తాది మామా, నీకంటే బాగా లెక్కపెట్టుకుంటాది" అనేవాడు సుబ్బన్న. ఇద్దరూ నవ్వేవాళ్లు. సరే వచ్చే ఏడు చూద్దాంలే. ఆ వచ్చే ఏడు నలభై మాట్లు వచ్చింది, పోయింది. సుబ్బన్న ఇప్పుడు ముసలాడై దిగువమెట్ట కాడ కూతురి ఇంట్లో ఉన్నాడు, వాళ్ల అరుగు మీద చాప వేస్తే పడుకోవడానికి చాలు, దొన కాడికి మాత్రం ఒక్కడే పోవాల, తోవ చూపించడానికి కూడా ఎవడూ వద్దు, ఆ చప్పుడే తోవ. ఈ ఏడే పోవాల. మార్కాపురంలో డాక్టరు మోకాలు నొక్కి చూసి, ఇంక మెట్లు తగ్గించు పెద్దాయనా అన్నాడు. పైకి ఎక్కడం కాదు నొప్పి, దిగడం. వచ్చే వానాకాలానికి ఈ మోకాలు ఆ దిగుడు దిగనీయదు, డాక్టరు చెప్పాల్నా ఆ సంగతి, పొద్దున పొద్దున మంచం మీదనుంచి కాలు కింద పెట్టేటప్పుడు అదే చెప్తా ఉంది.

అయితే మాట ఉంది. రాజరత్నానికి ఇచ్చిన మాట. కాలవ కింద మూడెకరాలు, మిరప పెట్టబోయే చేను, ఈ సాయంత్రం నుంచి నాలుగు దినాలు మంద కట్టాల, గొర్రెలు ఆ చేలో పడుకుంటే పెంట, గంజు నేలకు పడతాయి, ఆ పైన దున్నుకుంటాడు. మంద కడతానని చెప్పి కట్టకపోవడం ఈ జన్మలో లేదు. పొద్దున టీ తాగుతా ఉంటే రాజరత్నం ఫోను, "నీ మాట మీదనే ట్రాక్టరు ఆపినా మామా, ఇయ్యాల తప్పదు గదా." తప్పదు, మంద వస్తాది, అన్నాడు. ఫోను పెట్టి చూస్తే ఎదురుగా గోడకు ఆ బ్యాగు. శ్రీదేవి పొద్దున్నే బస్సుకు పోయింది, బ్యాగు చిలక్కొయ్యకు తగిలించి పోయింది, ఖాళీగా, కడుపు లోపలికి పోయిన గొర్రెపిల్ల మాదిరి. మంద వస్తాది అన్నాడు తను. నేను వస్తా అన్నాడా. అనలేదు. రాజరత్నం అడిగింది మందను, గంజు పోసేది గొర్రెలు, తను కాదు. నలభై ఏండ్లలో ఈ రెండు మాటలకు తేడా ఉందని ఎవరికీ తోచలేదు, తనకే తోచలేదు, టీ గ్లాసు చేతిలో ఉండగా తోచింది. గ్లాసు కింద పెట్టి లేచి బ్యాగు అందుకున్నాడు. అంతే, ఆలోచించింది ఏం లేదు. చేతికి దొరికినవి దాంట్లో వేసినాడు, గొంగడి మడిచి పైన కుక్కినాడు. కొడుకును పిలిచి, ఇయ్యాల మంద నువ్వు తోలుకుపో అన్నాడు.

అప్పుడు చూడాల ఇంట్లో. ఎవరో సచ్చినట్టు అందరూ బయటికి వచ్చినారు. శివ సెల్‌ఫోన్ల దుకాణం తాళాలు చేతిలో పట్టుకొని, నాయనా నీకేమన్నా అయిందా, ఒంట్లో బాగలేదా, ఎవరన్నా ఏమన్నా అన్నారా, ఈ వయసులో ఒక్కడివే అడవికా అని. ఒక్కడినేనా. ఇన్నేండ్లు పోయినప్పుడు ఎవరున్నారు పక్కన, ఎవడు తోడొచ్చినాడు, గొర్రెలు మనిషికి తోడని ఎప్పటినుంచి లెక్కేస్తున్నారు మీరు, పాము కరిస్తే గొర్రె వచ్చి ఇంట్లో చెప్తాదా. ఇవన్నీ అనలేదు. మూలనున్న చేతికట్టె అందుకున్నాడు. వాళ్లు సరేనని ఒప్పుకున్నాక ఇంకో రకం మొదలయింది. శివ అన్నాడు, సరే పోతే పోయినావుగానీ అటు దిక్కు అడవి అంచున మేత ఎట్లుందో చూసుకొని రా నాయనా. నాగేంద్రమ్మ సద్ది మూట కట్టి ఇస్తా, ఇన్నేండ్ల పెండ్లాం, ఆమెకన్నా అర్థమవుతుందనుకుంటే, "వచ్చేటప్పుడు చీపురు గడ్డి కోసుకరా, ఊరికే ఎందుకు రావడం" అనింది. ఊరికే ఎందుకు రావడం. అదే మాట. ఈ మనుషులు తనను ఊరికే పోనీయరు, ఊరికే రానీయరు, సంకలో ఏదో ఒక పని దోపి పంపిస్తారు, శ్రీదేవిని మంచుకొండల నుంచి చీపుర్లు తెమ్మన్నారా ఎవరన్నా. చీపురు గడ్డి తేను అన్నాడు గట్టిగా. నాగేంద్రమ్మ మొగుని ముఖం కేసి ఒక్క ఘడియ చూసి, మూటలో ఇంకో ఉల్లిగడ్డ వేసింది.

మోకాలు మళ్ళా పీకుతా ఉంది. ఇంక తప్పక పట్టీలు ఊడదీసి బ్యాగు ఒళ్లో పెట్టుకున్నాడు, మోకాలి నూనె సీసా ఎక్కడ వేసినానో అని లోపల చెయ్యి పెట్టి తీస్తే చేతికొచ్చింది వేపనూనె. గొర్రెల పుండ్లకు రాసేది. ఇంకొంచెం లోపలికి పెడితే కడుపులో పురుగులకు పోసే నట్టల మందు డబ్బా. దాని కింద గిట్టలు కోసే కత్తి. పిల్లలకు పాలు పట్టే సీసా. ఒక్కొక్కటి తీసి బెంచీ మీద పెడతా ఉంటే తల కొట్టేసినట్టయింది. మోకాలి నూనె లేదు, మార్చుకునే పంచె లేదు, సబ్బుబిళ్ళ లేదు, ఈ బ్యాగు విప్పి చూసినోడు మనిషి ప్రయాణం అనుకోడు, గొర్రె ప్రయాణం అనుకుంటాడు. పొద్దున మనసు ఒకటి అనుకుంటే చేతులు వాటి దారిన అవి సర్దినాయి. ఊరంతటి మీద కోపం ఉన్నోడు, తన చేతుల మీద ఎవరికి చెప్పుకోవాల. ఎదురు బెంచీలో కూర్చున్న ముసలామె పాల సీసా వంక, తన వంక మార్చి మార్చి చూస్తా ఉంది. చూడనీ. వేపనూనె మూత తీసి మోకాలికి రాసుకున్నాడు, ఘాటుగా కొట్టింది కంపు, దొడ్డి వాసన, సాయంత్రం వాసన. సాయంత్రమైతే దొడ్డి తడిక సగం తెరిచి, చేతికట్టె అడ్డం పెట్టి, రెండు రెండుగా లోపలికి వదలడం, జతల లెక్క, ఒక జత, రెండు జతలు, అట్ల ఎనభై. ఒంటి లెక్క పెడితే తప్పు పోతుంది, జతల లెక్క తప్పదు. ఎనభయ్యో జతలో ఒకటే వచ్చి రెండోది రాలేదనుకో, అప్పుడు అన్నం ముందర పెట్టినా దిగదు, తప్పిపోయిన ఆ ఒక్కదాని కోసం వచ్చిన దారంతా మళ్ళా నడవాల. ఎన్నిసార్లు నడిచినాడు. ఒక్కసారి, ఆ గట్టు కాడనే, తప్పిపోయిన గొర్రె కోసం పోయి దిగుడు అంచున నిలబడినాడు, కింద నీళ్లు మాట్లాడుతా ఉన్నాయి, ఇంకో నాలుగు అడుగులు దిగితే చాలు. గొర్రె వెనక పొదలో అరిచింది. మళ్ళుకున్నాడు. ఆ గొర్రెను కొట్టినాడు ఆ పూట, ఎప్పుడూ కొట్టనివాడు, ఎందుకు కొట్టినాడో దానికి తెలియదు.

ఫోను మోగింది. శివ.

"నాయనా, కాలవ కల్వర్టు కాడ నిలబడిపోయినాయి. గంటపోతు కదలడం లేదు. అటు లారీ, ఇటు బస్సు."

గంటపోతు అంటే మెడకు గంట కట్టిన మేకపోతు, మందకు అదే ముందు నడక, అది కదిలితే అన్నీ కదులుతాయి. వెనక హారన్లు వినబడుతున్నాయి, ఎవరివో తిట్లు, వాటన్నిటి కింద గొర్రెల అరుపు. ఏ అరుపు ఏ గొర్రెదో ఇక్కడినుంచి చెప్పగలడు.

"స్పీకర్ పెడతా నాయనా, నువ్వు ఒక్క కూత వెయ్."

రొమ్ము నిండా గాలి పీల్చినాడు, నాలుక అంగిలికి ఆనింది, పెదాలు తెరుచుకున్నాయి కూడా. అక్కడ ఆగిపోయినాడు. ఇప్పుడు కూత వేస్తే మంద కదులుతుంది. రేపు మళ్ళా ఫోను వస్తుంది. ఎల్లుండి దొన ఒడ్డున కూర్చొనుంటే వస్తుంది. గట్టు కాడ గొర్రె పిలిచినట్టు పిలుస్తానే ఉంటారు, తను మళ్ళుకుంటానే ఉంటాడు. ఇంకోపక్క అక్కడ రాజరత్నం చేను ఎదురుచూస్తా ఉంది, మంద వస్తాది అన్న మాట నడిరోడ్డు మీద నిలబడి ఉంది, అది పోతే ఏ దొన నీళ్లతో కడిగినా రాదు. గాలి వదిలేసినాడు.

"నువ్వు వెయ్."

"నాకు రాదు నాయనా."

"నలభై మూడేండ్లు వింటివి గదరా."

"జనం చూస్తున్నారు."

"నాకిక్కడ జనం లేరా?"

హారన్లు ఇంకా పెరిగినాయి. తర్వాత శివ ఏదో అన్నాడు, దగ్గినట్టుంది. "అది కూతా, నీ పెండ్లాన్ని కాఫీ అడిగినట్టుంది" అన్నాడు రంగనాయకులు. నాలుక పైకి కొట్టు అన్నాడు. కడుపులోంచి తియ్యి అన్నాడు. గొర్రెలకు సిగ్గు తెలియదు, నీ సిగ్గు వాటికి ఎట్ల అర్థమవుతాదిరా అన్నాడు. ఒక దినాన ఇన్ని మాటలు ఆడి ఎన్నేండ్లయిందో, ఎదురు బెంచీ ముసలామె నోరు తెరుచుకొని వింటా ఉంది. శివ మళ్ళా వేసినాడు, కాసింత మేలు. ఎవరో పక్కన నవ్వినారు. ఆ నవ్వుకు వాడికి రోషం వచ్చినట్టుంది, తన కొడుకే గదా, మూడోసారి ఫోను పగిలేటట్టు లేచింది గొంతు, త్ర్ర్‌హో, అహో, తన గొంతే, ముప్ఫయి ఏండ్ల కిందటి తన గొంతు ఎవరో దాచిపెట్టి ఇప్పుడు తీసినట్టు. ఫోను చెవికి అదుముకున్నాడు. ముందు ఏం లేదు. తర్వాత గంట, ఒకసారి టంగుమని, ఆగి, మళ్ళా ఒకసారి. ఆ వెనక గిట్టల చప్పుడు, కల్వర్టు సిమెంటు మీద వాన మొదలైనట్టు. కడుపులో ఒక పక్క చల్లబడింది, ఒక పక్క మంట. అంత తొందరగా కదిలినాయే దొంగ నాయాళ్లు, ఇంకో ఘడియ నిలబడకూడదా.

ఫోన్లోకి రాజరత్నం వచ్చినాడు, కల్వర్టు కాడికే ఎదురొచ్చినట్టున్నాడు. "మామా, మంద దిగింది చేలోకి. నువ్వేది?"

"మంద వస్తాదంటి. వచ్చింది గదా."

"వచ్చిందిలే. నువ్వెక్కడికి పోతున్నావు, ఏం పని?"

"పనేం లేదు" అన్నాడు. ఆ తర్వాతి మాట నోట్లో కొత్త పన్ను మాదిరి అడ్డం పడింది, అయినా అన్నాడు. "ట్రిప్పు."

అవతల ఏమన్నాడో వినకుండా ఫోను ఆపి జేబులో పెట్టుకున్నాడు. బండి వస్తా ఉంది. వేపనూనె, నట్టల మందు, కత్తి, పాలసీసా మళ్ళా బ్యాగులో కుక్కి, పట్టీలు ఏది దేంట్లో దూరితే అట్ల దూర్చి లేచినాడు. జనం పెట్టె తలుపు మీద పడినారు, బుట్టలు, బిందెలు, చంటిపిల్లలు, ఒకరి మీద ఒకరు. అట్ల తోసుకుంటే కాళ్లు విరగవా. రంగనాయకులు తలుపు పక్కకు పోయి నిలబడి చేతికట్టె అడ్డం పెట్టినాడు, ఎవరో రైల్వే మనిషి అనుకున్నారో ఏమో తోపులాట సద్దుమణిగింది, కట్టె ఎత్తి ఇద్దరిని వదిలినాడు, దించినాడు, ఎత్తి ఇద్దరిని వదిలినాడు. ఒక జత. రెండు జతలు. బిందె ఉన్నామె, బిందె లేనామె, ఏడు జతలు. బెంచీ ముసలామె, ఆమె వెనక తువ్వాలు మనిషి, పదకొండు. ఆఖరున ఆకుకూరల తట్టతో ఒకామె ఒక్కతే ఎక్కింది, కట్టె ఎత్తిపట్టుకొని రెండోదాని కోసం చూస్తే ఎవరూ లేరు. వెనక్కు తిరిగి ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసినాడు. ఎండ, బెంచీ, దించిన కిటికీ రెక్క. కూత వేసింది బండి. పెట్టె కదిలింది.

"ఎవరన్నా రావాల్నా పెద్దయ్యా?" తట్ట ఆమె తలుపులోంచి వంగి అడిగింది.

ఇంకోసారి వెనక్కు చూసినాడు, ఆమె వంక చూసినాడు, తన కాళ్ల వంక చూసుకున్నాడు.

"ఒకరు రావాల" అన్నాడు రంగనాయకులు, కట్టె లోపలికి విసిరి, కడ్డీ పట్టుకొని, నొప్పి లేని కాలు ముందు పెట్టి ఎక్కినాడు. పన్నెండు జతలు.